పసుపు హెచ్చరిక, తెల్ల పేజీ

మాది తడ. చెన్నై నించి సూళ్ళూరుపేట రైలెక్కితే తమిళనాడు దాటగానే వచ్చే ఊరు. 2022లో జిల్లా నెల్లూరు నించి తిరుపతికి మారింది గానీ మా ఇంట్లో సిగ్నల్ మాత్రం మారలేదు. కిటికీ దగ్గర ఒక గీత, వంటింట్లోకొస్తే అదీ ఉండదు. నేను చెన్నైలో వెబ్ అప్లికేషన్లు రాసుకుంటూ బతుకుతున్నా.

మొన్నామధ్య నాయనకి చెన్నైలో కళ్ళు చూపించుకోవాల్సి వచ్చింది. టోకెన్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. ఏ ఆసుపత్రో చెప్పను గానీ, ఆ పేజీ రాసింది సాక్షాత్తూ నేనే. రాత్రి చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడట, తెల్ల పేజీ తప్ప ఏమీ రాలేదు. పొద్దున్నే టోకెన్ లేకుండానే రైలెక్కి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుని, చూపించుకోకుండానే తిరిగొచ్చాడు. రెండ్రోజుల తర్వాత అమ్మ చెప్తే తెలిసింది.

"ఏంది నాయనా, నాకు ఫోన్ చేసుండొచ్చు గదా" అన్నా.

"నువ్వు చేసిందే గదా అబ్బయ్యా, నాకే వాడటం రాలేదనుకున్నా" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో బండిల్ విప్పి చూశా. మనం వందల ఫైళ్ళుగా రాసుకున్న జావాస్క్రిప్ట్‌ని వెబ్‌ప్యాక్ మూటకట్టి బ్రౌజర్‌కి పంపుతుందని మీకు తెలిసిందే. మూటకట్టడం తప్పేం కాదు. హెచ్‌టీటీపీ 1.1 రోజుల్లో బ్రౌజర్లు ఒక్కో సర్వర్‌కి ఆరు కనెక్షన్ల దాకానే తెరిచేవి, కాబట్టి అవసరం కూడా. చిక్కల్లా మూటలో ఏం పడేస్తున్నామో చూసుకోకపోవడమే.

మా మూట 2.6 ఎంబీ. తేదీ చూపించడానికి మొమెంట్ లైబ్రరీ వాడాం. దాన్ని మామూలుగా ఇంపోర్ట్ చేస్తే, ఏ భాష కావాలో నడిచేటప్పుడు గానీ తేలదు గనక, వెబ్‌ప్యాక్ అన్ని భాషల ఫైళ్ళనీ లాక్కొస్తుంది. ఒక్క తెలుగు తేదీ కోసం ఐస్‌లాండ్ వాళ్ళ నెలల పేర్లు కూడా తడకి దిగుమతి చేశామన్నమాట :) ఆ లైబ్రరీ వాళ్ళే 2020లో కొత్త ప్రాజెక్టుల్లో వాడొద్దన్నారు. ఇప్పుడా పని బ్రౌజరే చేసిపెడుతుంది. ఇది చాలనట్టు అడ్మిన్ వాళ్ళ గ్రాఫుల లైబ్రరీ కూడా అదే మూటలో ఉంది.

జీజిప్ చేస్తే తగ్గుతుంది కదా అంటారేమో. దారిలో తగ్గుతుంది. ఫోన్‌లో దిగాక అంతా విప్పి, చదివి, కంపైల్ చేసి, నడిపితే గానీ మా పేజీలో అక్షరం పడదు. పెళ్ళికి పిలిచి, ఆఖరి వంటకం దించేదాకా విస్తరే వెయ్యనట్టు.

ఇంక తెలుగు ఫాంటు. బరువు తగ్గిద్దామని అక్కర్లేని వన్నీ కోసేసరికి "అమ్మ" కాస్తా "అమ్‌మ" అయి కూర్చుంది. మన లిపికి అక్షరాల బొమ్మలొక్కటే చాలవు, ఏ హల్లు కింద ఏ వత్తు దిగాలో చెప్పే పట్టికలూ ఫాంటులో ఉండాలి. నేను వాటినీ కోసేశా. చివరికి వెబ్ ఫాంటే తీసేసి, ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటుకే వదిలేశా.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఫైలు 244 కేబీ దాటితే వెబ్‌ప్యాక్ పసుపు రంగులో హెచ్చరిస్తుంది. మా బిల్డులో అదెప్పుడూ కనపడలేదేమిటా అని చూస్తే, కాన్ఫిగ్‌లో ఎవరో ఆపేశారు. ఎవరా మహానుభావుడని గిట్‌లో వెతికితే నా పేరే వచ్చింది. "బిల్డు గోల తగ్గించాను" అని గొప్పగా రాసుకున్నా కూడా.

ఇప్పుడు టోకెన్ పేజీకి వేరే మూట, 180 కేబీ. హెచ్చరికని ఎర్రర్ చేశా, దాటితే బిల్డు ఫెయిలే. టీంలో ఇద్దరు విసుక్కున్నారు, విసుక్కోనీ. 2020లో ఈఎస్‌బిల్డ్, వీట్ వచ్చాక బిల్డులు చిటికెలో అయిపోతున్నాయి, సంతోషమే. ఆ వేగమంతా మనకి. మూట మోసేది మాత్రం ఒక్క గీత సిగ్నల్ ఉన్నాయన. మీ ప్రాజెక్టులో కూడా ఆ పసుపు గీతలు ఎవరైనా ఆపేశారేమో ఓసారి చూడండి.

పోయిన శనివారం కిటికీ దగ్గర నిలబడి నాయన టోకెన్ తీసుకున్నాడు. "ఇప్పుడు బాగా నేర్చుకున్నా అబ్బయ్యా" అన్నాడు. తప్పు నీది కాదు నాయనా, నాదేనని చెప్పా. నమ్మినట్టు లేడు.