కాలినడకను నగరదర్శనము

గృహిణులగు మనకు నగరమనగా నేమి? ఏ వీధిని చీరలు చౌకయో, ఏ సందున మంచి పసుపు దొరకునో, ఏ వైద్యుని కడకు ఏ బండి నెక్కి పోవలెనో తెలిసియుండుటయే నగరము తెలిసియుండుట యని తలంతుము. అదియు నొక జ్ఞానమే. దానిని చులుకన చేయరాదు. కాని ఆ వీధులను ఎవరు వేసిరి, ఏల వేసిరి, అందు మనబోటి స్త్రీలు ఎట్లు బ్రదికిరి యను ప్రశ్నలకు అంగడిలో జవాబు దొరకదు. అందులకై తెలిసినవారిని వెంట నిడుకొని, తీరికగా, కాలినడకను పోవలయును.

హైదరాబాదునందు ఇట్టి నడకలను జరిపించు మార్గదర్శకులు ఇప్పుడు పలువురు గలరు. కొందరు పెద్దగుంపులను తీసికొనిపోవుదురు. కొందరు ఒక్క కుటుంబమునకో, కొలదిమంది స్నేహితురాండ్రకో వేరుగా చూపుదురు. మేము ఆర్గురము స్త్రీలము తలకింత వేసికొని రెండవ విధమునే కోరితిమి. "మన యూరు మనకు చూపుటకు ఒకరికి రుసుమేల?" యని యింట ప్రశ్న రాకపోలేదు. వంట మనకు వచ్చినదే యైనను పెండ్లికి వంటవారిని పిలుతుము గదా! గ్రంథములు చదివి, ఆ వీధులవారితో పరిచయము చేసికొని, ఎండలో నిలిచి చెప్పువారి శ్రమయు శ్రమయే. పైగా మాలో నొక అక్కయ్యగారికి డెబ్బదియేండ్లు, మోకాలినొప్పి కలదు. గుంపుతో పోయినచో గుంపు ఆమెకొరకు ఆగదు. మాకు దారి చూపిన విద్యావతి యగు యువతి మాత్రము, ఆమె అడుగునుబట్టియే మా యందరి నడకను సాగించినది.

ఆదివారము ఉదయము చార్మినారుకడ బయలుదేరితిమి. 1591వ సంవత్సరమున ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ కట్టడమును నగరమునకు నడిబొడ్డుగా నిలిపెను. దాని నాలుగు తోరణములు నాలుగు దిక్కుల రాజవీధులను చూచుచుండును. మొదట కట్టడము, దానినిబట్టి వీధులు, వీధులనుబట్టి పేటలు. ముగ్గుకు ముందు నడుమ చుక్క పెట్టినట్లే గదా యని మాలో నొకరనిరి. ఉత్తరమున నాలుగు కమానుల నడుమ గుల్జారుహౌజు నేటికిని నిలిచియున్నది.

పడమటనున్న లాడ్‌బజారును ఎరుగని స్త్రీ యుండదు. కాని గాజు నెరుగుదుము, గాజు పుట్టుక నెరుగము. మార్గదర్శకురాలు తనకు పరిచితులగు నొక కుటుంబమువారి యింటికి మమ్ము తీసికొనిపోయెను. లక్కను కరగించి, పొడి కలిపి, కడ్డీగా సాచి, వేడి ఆరకమునుపే గుండ్రముగా వంచి అతికింతురు. పిదప మరల వేడి చేసి, మెత్తబడిన లక్కలో ఒక్కొక్క రాతిని పొదుగుదురు. ఆ పని చేయుచున్న యిల్లాలి వ్రేళ్లకొనలు కాయలు కాచియున్నవి. తన ముఖమును ఛాయాచిత్రము తీయవలదని యామె కోరగా, ఆ కోరికను మన్నించితిమి. ఈ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు గాజుకు వచ్చినది. ఆ వ్రేళ్లకు తగిన కూలి వచ్చుట మాత్రము కొనువారి చేతిలోనున్నది. ఆనాడు మాలో నెవరికిని బేరమాడుటకు నోరు రాలేదు.

అచ్చటినుండి పత్తర్‌గట్టీ మీదుగా మూసీనది చేరితిమి. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొనెను. పత్తర్‌గట్టీ రాతి అంగళ్లవరుస ఆ వరద పిమ్మట జరిగిన నగర పునర్నిర్మాణములోనిదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో వరద నరికట్టుటకై జలాశయములు వెలసెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నొక ముదుసలి చింతచెట్టు కలదు. ఆనాడు దాని కొమ్మలు పట్టుకొని నూటయేబదిమంది బ్రదికిరని చెప్పుదురు.

ఆ చెట్టుక్రింద అక్కయ్యగారు తమ నాయనమ్మ ముచ్చట చెప్పిరి. వరదనాటికి ఆమె పదుమూడేండ్ల బాలిక. ఆ పిదప జీవితాంతము, వాన గట్టిగా కురిసిన రాత్రి నిదురపోక, బియ్యపుడబ్బాను అటకమీద పెట్టించెడిదట. మార్గదర్శకురాలు ఆ మాటను తన పుస్తకమున వ్రాసికొనినది. చెప్పువారు వినుటకును సిద్ధముగా నుండుటయే ఇట్టి చిన్నబృందపు నడకయందలి మేలు.

కోఠీలోని పూర్వపు రెసిడెన్సీకి ముందుగా అనుమతి గైకొనియుంటిమి. పందొమ్మిదవ శతాబ్ది మొదట ఆంగ్ల ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ ఈ భవనమును కట్టించెను. ఆయన భార్య ఖైరున్నీసా ఇచ్చటి కులీనుల బిడ్డ; ఘోషాలో నుండెడిది. భవనమును చుట్టి చూచు వీలు ఆమెకు లేనందున, దాని చిన్న ప్రతిమను అంతఃపురపు తోటలో కట్టించెనని చెప్పుకొందురు. 1805లో అయిదేండ్లు నిండని యామె బిడ్డలిద్దరిని సీమకు పంపివేసిరి. ఆ తల్లి వారిని మరల చూడలేదు. అదే భవనమునకు 1949లో మహిళాకళాశాల వచ్చినది. నేడది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణము. ఆమె నడువనోచుకొనని మెట్లను వేలకొలది ఆడపిల్లలు పుస్తకములతో ఎక్కిరి. అక్కయ్యగారు రాతిసింహముల నడుమ ఆ మెట్లను ఎవరి చేయియు పట్టుకొనక ఎక్కిరి.

సమీపముననే సుల్తాన్‌బజారులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. ఉర్దూ రాజభాషగా నున్న సంస్థానమున తెలుగు చదువరులకు నీడనిచ్చిన గ్రంథాలయమిది.

ఇట్టి నడకకు పూనుకొను సోదరీమణులకు కొన్ని మాటలు. రుసుమును, సమయమును ముందే తేల్చుకొనవలయును. నడుమ కూర్చుండుటకును, కాలకృత్యములకును తావు లెచ్చట గలవో మొదటనే అడుగవలయును, దానికి సిగ్గుపడరాదు. మెత్తని చెప్పులు, మంచినీరు మరువరాదు. ఒకరి వాకిట నిలిచినపుడు అది వారి యిల్లని గుర్తుంచుకొనవలయును. వీలైనచో ఇంటి ఆడపిల్లను, పెద్దామెను ఇద్దరిని తీసికొనిపోవుడు. ఒకతె ప్రశ్నలడుగును, మరియొకతెకు మరచిన మాటలు జ్ఞప్తికి వచ్చును. ఆ మాటలు ఏ రాతిమీదను చెక్కబడలేదు. ఆమె యుండగనే వినవలయును.