నల్లి బొక్క లేని దావత్

వేములవాడలో సోమవారం రాజన్నది, మంగళవారం పోచమ్మది. ధర్మగుండంలో మునిగి, తడి బట్టలతోనే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, దాన్ని కట్టేసి మొక్కు చెల్లించాం. మరునాడు బద్ది పోచమ్మకు బోనం, యాట. అక్కాబావలు, వాళ్ల బంధువులు, నేను కలిపి పద్నాలుగు మందిమి. పోచమ్మ మొక్కు తీరాక అసలు పని మొదలయింది. నేను సెలవు పెట్టి మరీ వెళ్లింది అది చూడడానికే.

మా బావది సిరిసిల్ల. తండ్రి మరమగ్గం సాంచాల మీద పనిచేసి కుటుంబాన్ని సాకితే, బావ పదకొండేళ్లు దుబాయిలో పనిచేసి ఇల్లు కట్టాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ వాడకు పోయినా ఇట్లాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ఆయన అక్కడి నుంచి తెచ్చిన సామాన్లలో ఇప్పుడేవీ పనిచేయడం లేదు, ఒక్క వంట తప్ప.

యాటను కోయించిన దుకాణంలో చింత మొద్దు ముందు బావ నిలబడే ఉన్నాడు. బొక్కలు రాత్రి పులుసుకు వేరు చేయించి, తొడ, భుజం మాంసం కిలోన్నర మాత్రం కైమా కొట్టమన్నాడు. "మిషన్ల వెయ్యకు అన్నా, కత్తితోనే కొట్టు" అని ముందే చెప్పాడు. మిషన్‌లో నలిగిన మాంసం ముద్దలా అతుక్కుంటుంది, పొయ్యి మీద ఉండలు కడుతుంది. రెండు కత్తులు మార్చి మార్చి పడితే దేని పలుకు దానికే ఉంటుంది. దుకాణదారు చేతులు డప్పు దరువులా ఆడాయి. కొంచెం కొవ్వు కూడా కలిపి కొట్టించాడు బావ. అది లేకపోతే కైమా పొట్టులా పొడిబారుతుందట.

అద్దెకు తీసుకున్న గది వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి. గంజులో నూనె, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. అల్లం ఎల్లిగడ్డ ముద్ద పచ్చి వాసన పోయాక కైమా పడింది. చుక్క నీళ్లు పోయలేదు. మాంసమే నీళ్లు వదిలింది. బావ గంటె మొనతో ఉండలను చిదుపుతూనే ఉన్నాడు. పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి. నీళ్లు ఇగిరి నూనె పైకి తేలాక రెండు టమాటలు, దించే ముందు పుదీన, కొత్తిమీర, నిమ్మరసం. "పులుసు లెక్క ఉంటే రొట్టె నానిపోతది, బామ్మర్దీ. ఉడుకుడు కాదు, ఇగురుడు ముఖ్యం" అన్నాడు. బ్రెడ్డు ముక్కలకు కూడా ఒక పక్క నూనె రాసి పెనం మీద ఎర్రగా కాల్పించాడు. ఆ కాలిన పక్కనే కైమా పెట్టాలి. అప్పుడు తడి లోపలికి దిగదు.

"దుబాయి రొట్టె కుబ్బూస్ దొరకలేదని బ్రెడ్డు సరే, కైమానే ఎందుకు?" అని అడిగాను.

"దుబాయిల ఒక్క గదిల ఆరుగురం ఉంటుంటిమి. శుక్రవారం కిలో కైమా తెస్తే అందరికీ సరిపోయేది. బొక్క కూర వండితే కొట్లాటే. బొక్క ముక్కలు నాకేసినవని ఒకడు, మంచి ముక్కలు నువ్వే ఏరుకున్నవని ఒకడు. కైమాల ఏరుకునేందుకు ఏముంటది?"

ఆ మాట అక్కడే ఆగలేదు. యాట కోసిన ఇంట్లో ముక్కకూ ఒక లెక్క ఉంటుంది. నల్లి బొక్క అల్లునిది. మెత్తటి ముక్కలు పెద్దమనుషులవి. పొయ్యి దగ్గర చెమటోడ్చిన ఆడవాళ్లు చివరికి కూర్చునేసరికి గంజు అడుగున పులుసు, రెండు పక్కబొక్కలు. అందుకే బావ తల్లి, మా అత్తమ్మ, గడపలో నిలబడి కలవరపడింది.

"చెల్లె మొగడు వచ్చిండు గదరా. అల్లునికి ఏమేస్తవ్?"

"కైమాల అందరూ అల్లుళ్లేనే అమ్మా. నువ్వు గూడ కూసో."

ఆమె కూర్చుంది. కంచం లేకుండా చేతిలో పట్టుకుని తినడం ఆమెకు కొత్త. మొదటి కొరుకుకే సగం కైమా ఒళ్లో రాలింది. పిల్లలు నవ్వారు. ఆమె మాత్రం కొంగులో పడ్డదాన్ని వేలితో ఏరి మళ్లీ బ్రెడ్డు మీద పెట్టుకుంది. ఆ రాలడం చూస్తే నాకొకటి గుర్తొచ్చింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మస్కటీన్ ఊళ్లో 1926లో ఫ్రెడ్ ఏంజెల్ అనే మాంసం కొట్టు మనిషి ఇట్లాగే పొడిపొడి మాంసాన్ని బన్నులో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. దుకాణం పేరు మెయిడ్‌-రైట్. వాళ్లది గొడ్డు మాంసం, మసాలా తక్కువ. కానీ రాలడం మాత్రం అదే రాలడం. అందుకే అక్కడ బన్నుతోపాటు ఒక చెంచా కూడా ఇస్తారు. మా అత్తమ్మకు ఆ అవసరం రాలేదు.

కిలోన్నర కైమా, పద్నాలుగు మంది. గంజు ఖాళీ అయ్యేసరికి ఎవరి వంతు ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు. తమాషా ఏమంటే, వాకిట్లో ముందు ఎవరు కూర్చున్నారో, వెనక ఎవరు కూర్చున్నారో కూడా నాకిప్పుడు గుర్తు లేదు. అందరం ఒకేసారి తిన్నాం మరి.

రాత్రి బొక్కల పులుసు వండారు. ఇత్తడి గంటె అక్క చేతికి వచ్చింది. నల్లి బొక్క వెతికి అల్లుని కంచంలో వేసింది. బావకు, నాకు మంచి ముక్కలు పడ్డాయి. నేనూ వద్దనలేదు. మగవాళ్లం లేచాక ఆడవాళ్లు కూర్చున్నారు. అత్తమ్మ గంజును వంచి అడుగు చూసింది. అన్నంలో పులుసు కలుపుకుంటూ కొడుకును పిలిచి మెల్లగా అడిగింది:

"పొద్దటి కైమా ఏమన్న మిగిలిందారా?"