కాజాలు కుట్టేదెవరు?

ఈమధ్య పెళ్లి భోజనాల దగ్గర ఓ మార్పు గమనించారా? ఇదివరకు "మీవాడేం చదువుతున్నాడండీ?" అని ఎవరైనా అడిగితే "సీఎస్ఈ" అనేవాళ్లం. "ఇంకేం, ఒడ్డున పడ్డట్టే" అని అవతలాయన సాంబారు వైపు తిరిగేవాడు. ఇప్పుడలా తిరగడం లేదు. "మరి ఏఐ వచ్చిందటగా?" అంటున్నాడు. అడిగినాయనకు ఏఐ అంటే ఏమిటో తెలియక్కర్లేదు, జవాబు చెప్పేవాళ్లకూ తెలియక్కర్లేదు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే దిగులు.

ఆ దిగులు సంగతేమిటో కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం రండి.

ఉద్యోగాల విషయంలో మన తెలుగువాళ్లకు వేలంవెర్రి కొత్తేమీ కాదు. ఒకప్పుడు ప్రతి చిన్న పట్నంలోనూ మెయిన్ రోడ్డు మీద ఓ మేడపైన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. డిగ్రీ పరీక్షలు అయీ అవగానే పిల్లల్ని అక్కడికి తోలేవారు. "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అని టకటకలాడించి, లోయరు, హయ్యరు పాసై, షార్ట్‌హ్యాండ్ కూడా వచ్చిందంటే ఆ కుర్రాడికి సంబంధాలు మొదలయ్యేవి. 1980ల్లో బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తుంటే ఉద్యోగ సంఘాలు ససేమిరా అన్నాయి. అయినా అవి రానే వచ్చాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. సరిగ్గా అప్పుడే వైటూకే భయం ప్రపంచాన్ని పట్టుకుంది. 2000 సంవత్సరం రాగానే పాత కోబాల్ ప్రోగ్రాములు తేదీలు తప్పుగా లెక్కపెడతాయేమోనని కంగారు. వాటిని సరిచేయడానికి మనుషులు కావలసొచ్చారు. మనవాళ్లు సూట్‌కేసులు సర్దుకున్నారు.

ఆ తర్వాతి కథంతా అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీదే ఉంది. మెయిన్‌ఫ్రేమ్స్, జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్... ఇప్పుడు జెనరేటివ్ ఏఐ. గదులవే, ప్లాస్టిక్ కుర్చీలవే, మారేది ఫ్లెక్సీ ఒక్కటే.

"అప్పుడూ ఇలాగే భయపడ్డాం, ఏం కాలేదుగా" అని మీరనొచ్చు. సగం నిజమే. రెండో సగం చెప్తాను వినండి.

ముందు లెక్కలు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో 13 వేల మంది పైచిలుకు, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేల మంది సిబ్బంది తగ్గారు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా, తీసేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయిల వాళ్లే. ఇక ఫ్రెషర్ జీతమంటారా, పదేళ్లకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే చతికిలబడి ఉంది. బియ్యం ధర గానీ, మాదాపూర్ హాస్టల్ అద్దె గానీ దాని కోసం ఆగలేదు. అమెరికా పోదామంటే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమన్నారు.

దీనికంతటికీ ఏఐని తిట్టిపోయడం న్యాయం కాదు. కోవిడ్ రోజుల్లో కంపెనీలు దొరికినవాళ్లను దొరికినట్టు చేర్చుకున్నాయి. తర్వాత విదేశీ క్లయింట్లు ఖర్చులు బిగించారు. చాట్‌జీపీటీ 2022 నవంబరు ఆఖర్న వచ్చింది గనుక నెపమంతా దాని మీదికి నెట్టడం సులువైపోయింది.

అలాగని అది నిర్దోషీ కాదు. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు, ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం, అమెరికాలో జీతాల రికార్డులు చూసే ఏడీపీ అనే పెద్ద కంపెనీ లెక్కలు తిరగేశారు. ఏఐ ఎక్కువగా చేయగలిగే ఉద్యోగాల్లో, అంటే సాఫ్ట్‌వేర్, కస్టమర్ సర్వీస్ లాంటివాటిలో, 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గాయట. అవే ఉద్యోగాల్లో వయసులో పెద్దవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకంటే పుస్తకంలో దొరికే విద్య యంత్రానికి తొందరగా అబ్బింది, పని చేసి చేసి నేర్చుకున్నది అంత తొందరగా అబ్బలేదు అన్నది వాళ్ల ఊహ.

నాకు దిగులంతా ఇక్కడే. పుస్తకం విద్య పని విద్యగా మారేదెలా? చిన్న పనులు చేసేగా!

టైలర్ షాపులో కుర్రాడిని చూసే ఉంటారు. చేరిన రోజే కత్తెర ఇవ్వరు. ముందు కాజాలు కుట్టాలి, గుండీలు వేయాలి, అంచులు మడవాలి. ఆ కాజాల విలువ షాపుకు పది రూపాయలే. కానీ అవి కుడుతూనే వాడు గుడ్డ ఎటు సాగుతుందో, మాస్టరు కొలత దగ్గర అరంగుళం ఎందుకు వదిలాడో కనిపెడతాడు. కొన్నేళ్లకు కటింగ్ మాస్టరవుతాడు. ఇప్పుడు కాజాలు కుట్టే మిషనొచ్చింది. షాపుకు లాభమే. మరి రేపటి కటింగ్ మాస్టరు ఎక్కణ్ణుంచి వస్తాడు?

సాఫ్ట్‌వేర్‌లో కాజాలు ఎలా ఉంటాయంటారా? రాత్రి పదకొండింటికి ఓ బ్యాచ్ జాబ్, అంటే రోజూ దానంతటదే నడిచే లెక్కల పని, ఆగిపోయింది. ఆర్నెల్ల క్రితం చేరిన అమ్మాయి సపోర్టులో ఉంది. సీనియర్‌కు ఫోన్ చేస్తే "లాగ్ చూశావా?" అని ఒక్క ముక్క అని పెట్టేశాడు. లాగ్ అంటే ప్రోగ్రాం తను చేసిందంతా రాసుకునే చిట్టా, వేల లైన్ల ఫైలు. అందులో ఒకచోట "చెల్లని తేదీ" అని ఉంది. నిన్నటిదాకా చెల్లినవి ఇవాళ ఎందుకు చెల్లలేదు? తెల్లారగట్ల తట్టింది. ఈ నెల నుంచే అమెరికా నుంచి రావడం మొదలైన ఫైల్లో నెల ముందు, రోజు తర్వాత ఉంటుంది. మన ప్రోగ్రాం రోజు ముందనుకుని చదువుతోంది. పన్నెండో తారీఖు వరకూ రెండూ కలిసిపోయాయి. పదమూడున "పదమూడో నెల ఏమిట్రా" అని ప్రోగ్రాం మొరాయించింది. అంటే గత పన్నెండు రోజుల్లో, రోజూ నెలా ఒకే అంకె అయిన ఒక్క రోజు తప్ప, మిగతా లెక్కలన్నీ నోరెత్తకుండా తప్పుగా నడిచాయన్నమాట! జాబ్ ఆగడం చిన్న విషయం, ఇది అసలు విషయం. ఆ అమ్మాయి జన్మలో ఇంకే తేదీనీ గుడ్డిగా నమ్మదు.

ఇప్పుడదే లాగ్ ముక్క ఏఐకి అతికిస్తే నిమిషంలో "తేదీ ఫార్మాట్ మార్చండి" అంటుంది. మారుస్తారు, జాబ్ నడుస్తుంది, అందరూ హాయిగా పడుకుంటారు. వెనకటి పన్నెండు రోజుల సంగతి అడగాలని తోచాలంటే, అంతకుముందు ఎప్పుడో ఒకసారి తెల్లవార్లూ మేలుకుని ఉండాలి.

ఇంకోటి. ఓ ఫారం తయారుచేయమని ఏఐకి చెప్పారనుకోండి. చక్కగా చేసిపెడుతుంది. "ఇంటిపేరు కనీసం రెండు అక్షరాలుండాలి" అని ఓ నియమం కూడా పెట్టేయొచ్చు. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. నరసరావుపేటలో చదువుకున్న కుర్రాడు మాత్రం "ఆగండాగండి, మా క్లాసులో సగంమందికి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే" అంటాడు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసా మీద పేరుండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వేయించుకుని తిప్పలుపడ్డ తెలుగువాళ్లకు ఈ బాధ తెలుసు. అలా ఆగమనగలిగినవాడి అవసరం ఇంకా పోలేదు, ఇప్పట్లో పోదు.

పోనీ ఏఐ ఉంటే పని వేగంగా అవుతుంది కదా అంటారా? అదీ అన్నిసార్లూ కాదట. 2025 జులైలో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లను వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల మీదే కూర్చోబెట్టి చూసింది. ఏఐ వాడినప్పుడు 20 శాతం త్వరగా చేశామని వాళ్లు అనుకున్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది! పనిమంతులకే ఇంత భ్రమ ఉంటే, నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాళ్ల మాటేమిటి?

అందుకని ఎవరికి చెప్పాల్సింది వాళ్లకు చెప్పేస్తాను, ఏమీ అనుకోవద్దు.

పిల్లలూ, ఏఐ వాడండి. వాడకపోతే వెనకబడతారు. కానీ నేర్చుకునే రోజుల్లో ముందు మీరు చేసి, తర్వాత దాన్ని అడగండి. ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే ఆచారం ఏఐ రాకముందు నుంచే మనకుంది. ఇప్పుడు కొనక్కర్లేదు, ఊరికే వస్తోంది, అంతే తేడా. ఇంటర్వ్యూలో "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్నకు రెండు రకాల ప్రాజెక్టులూ ఒకేలా నీళ్లు నములుతాయి.

అమ్మానాన్నలూ, బ్రాంచి పేరు చివర ఏఐ అని తగిలించినంత మాత్రాన భవిష్యత్తు తగులుకోదు. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచి సీట్ల మీద ఉన్న పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఎత్తేసింది. సీట్లు పెరగగానే చెప్పేవాళ్లు పెరగరు. పాఠం చెప్పేదెవరో కనుక్కోండి. ఎలక్ట్రికల్‌నీ, మెకానికల్‌నీ చులకనగా చూడొద్దు. విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది డేటా సెంటర్ల లాంటివాటికే. కట్టాక వాటిలో మనుషులు తక్కువే ఉంటారు గానీ, కట్టాలన్నా, కరెంటివ్వాలన్నా, చల్లబరచాలన్నా ఆ బ్రాంచిలవాళ్లే దిక్కు.

హైదరాబాదులో ఇప్పుడు విదేశీ కంపెనీలు సొంతంగా నడుపుకునే కేంద్రాలు, జీసీసీలు, 350కి పైగా ఉన్నాయి. బ్యాంకులు, మందుల కంపెనీలు, బీమా సంస్థలు. అక్కడ కోడ్ రావడం ఒక్కటే చాలదు. బీమా క్లెయిమ్ ఎందుకు తిప్పికొడతారో కూడా తెలిసుండాలి. బీకామ్ చదివిన పిల్ల ఆ మాట చెప్పగలిగితే ఆమెకూ ఓ కుర్చీ ఉంటుంది.

ఇక ఈ కబుర్లు చదువుతున్నవాళ్లలో టీమ్ లీడ్లూ, మేనేజర్లూ ఉండే ఉంటారు. అసలు మాట మీతోనే. పిల్లలకు ఎన్ని నీతులు చెప్పినా, పని మీ చేతిలో ఉంది. ఫ్రెషర్ చేసే పనంతా యంత్రానికిచ్చేసి, ఐదేళ్ల తర్వాత "అనుభవం ఉన్నవాళ్లు దొరకడం లేదు" అని మొత్తుకుంటే లాభం లేదు. మీకు పని నేర్పిన కంపెనీ కూడా అప్పట్లో మీమీద లాభం చూసుకుని జీతమివ్వలేదు. కాబట్టి ఈసారి మీ టీములోకి కొత్తగా ఎవరైనా వస్తే, ఓ చిన్న బగ్గు వాళ్లకోసం అట్టేపెట్టండి. మిషన్ ఐదు నిమిషాల్లో చేసేస్తుందని తెలిసినా సరే, వాళ్లకు రెండు రోజులివ్వండి. అర్ధరాత్రి ఫోన్ వస్తే "లాగ్ చూశావా?" అనే అడగండి, తప్పులేదు. ఫోన్ మాత్రం పెట్టేయకండి.