పొగొచ్చిందా... ఇంజిన్‌ విప్పకండి!

పాత బుల్లెట్‌కి ఇంజిన్‌ పని చేయించి, పిస్టనూ రింగులూ కొత్తవి వేయించాక కూడా పొగ కొడితే... బండి కింద నూనె మరకలు పడితే? ‘మళ్లీ విప్పాల్సిందే’ అంటారు చాలామంది. అంటే మళ్లీ వేలకు వేలు ఖర్చు! ఆ తొందర పడకముందు నూనె ఏం చెబుతోందో చూడమంటారు అనుభవమున్న మెకానిక్‌లు. అదెలాగో తెలుసుకోవడానికి ఓ ఫిబ్రవరి ఉదయం జనగామ నుంచి మహబూబాబాద్‌ మీదుగా భూపాలపల్లి దాకా ఓ పాత బండి వెంట వెళ్లాం.

జనగామలో ఉంటున్న ఓ మాస్టారిది ఆ బండి. 1970ల నాటి 350 సీసీ బుల్లెట్‌. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి! సింగరేణిలో పనిచేసి రిటైరైన ఆయన తండ్రి కొన్నది. భూపాలపల్లిలో ఉంటున్న ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి. ‘ఒక్కసారి దాని సప్పుడు వినాలె’ అని ఫోన్‌ చేసినప్పుడల్లా అడుగుతారట. అందుకే మాస్టారు పదేళ్లుగా మూలనున్న బండికి ఇంజిన్‌ పని చేయించారు. తీరిక లేక రెండు నెలలు షెడ్డులోనే ఉంచేశారు. తీరా కిక్‌ కొడితే... వీధంతా పొగ!

‘నూనె యాడికి వోలే సార్‌, కిందికి దిగింది. అయిదు నిమిషాలు నడువనియ్యుండ్రి’ అన్నాడు జనగామలోని పెద్ద మెకానిక్‌. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన ఈ పాతరకం ఇంజిన్‌లో నూనె నిలవుండే అర వేరు, క్రాంక్‌ తిరిగే అర వేరు. ఒక పంపు నూనెను క్రాంక్‌కి అందిస్తే, మరో పంపు కిందికి జారినదాన్ని తోడి, పైన రాకర్లను తడిపి, మళ్లీ నిలవ అరకు చేరుస్తుంది. బండి వారాల తరబడి కదలకపోతే నూనె పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్‌ అరలోకి దిగిపోతుంది. స్టార్ట్‌ చేయగానే పొగ వచ్చేది అందుకే. అప్పుడు డిప్‌స్టిక్‌ తీసి చూస్తే నూనె తక్కువ కనిపిస్తుంది. తగ్గిందనుకుని పోశారో... ఎక్కువైన నూనె బ్రీదర్‌ పైపులోంచి బయటికొచ్చి చైను మీదా, టైరు మీదా పడుతుంది. ఇంజిన్‌ కాసేపు నడిపి, ఆపి, ఆ తర్వాతే కొలత చూడాలి.

మరో పరీక్ష ఇంకా ముఖ్యం. ఇంజిన్‌ నెమ్మదిగా తిరుగుతుండగా పైన రాకర్‌ పైపు బోల్టును కాస్త వదులు చేయాలి. నూనె ఊరుతూ వస్తే పైదాకా చేరుతున్నట్టే. రాకపోతే వెంటనే ఇంజిన్‌ ఆపేయాలి. టైమింగ్‌ కవర్‌ ప్యాకింగ్‌ రంధ్రం అటూఇటూ అయినా, ఎక్కువగా పూసిన గమ్‌ దారికి అడ్డుపడినా ఇలా జరగొచ్చు. నూనె అందని ఇంజిన్‌ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. మాస్టారి బండికి నూనె వచ్చింది. మేం బయల్దేరాం.

పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి దాటి, తొర్రూరులో టీకి ఆగాం. బండి కింద రెండు చుక్కలు! కారుతున్న చోటు కనిపెట్టడానికి మెకానిక్‌ చెప్పి పంపిన చిట్కా పౌడర్‌. ఇంజిన్‌ని గుడ్డతో శుభ్రంగా తుడిచి పౌడర్‌ చల్లి, కాస్త దూరం నడిపాక చూస్తే తడిసిన గీత దారి చూపిస్తుంది. నూనె కిందికి జారుతుంది, గాలికి వెనక్కీ పోతుంది. అందుకే మరక ఉన్నచోటే లోపం ఉండదు. అడుగున కారుతోందనుకున్నది నిజానికి పైన రాకర్‌ కవర్‌ దగ్గర్నుంచి వస్తోంది. బోల్టులు సమంగా బిగిస్తే ఆగిపోయింది.

స్థానికులు మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో మిర్చి ఘాటు స్వాగతం పలికింది. బండి చుట్టూ పదిమంది మూగారు. ‘మా యెజ్డీ కూడా పొగ కొడతది, ఎట్ల?’ అని ఒకరి ప్రశ్న. మైసూరులో 1996 వరకూ తయారైన ఆ బండ్ల సంగతి వేరు. టూ స్ట్రోక్‌ కాబట్టి నూనె పెట్రోలులోనే కలుస్తుంది, కొంత పొగ మామూలే. పొగ ఉన్నట్టుండి దట్టమై, గేర్‌బాక్స్‌ నూనె తగ్గుతుంటే మాత్రం క్రాంక్‌ సీలు చూడాలి.

అక్కణ్నుంచి నర్సంపేట దారి. కాకతీయుల నాటి పాఖాల చెరువు గట్టున కాసేపు సేదతీరాం. మళ్లీ బయల్దేరాక వెనక నుంచి పొగను గమనించడమే మా పని. యాక్సిలరేటర్‌ వదిలి మళ్లీ తిప్పినప్పుడు నీలిపొగ వస్తే వాల్వ్‌ గైడ్ల మీద అనుమానం. లాగుతున్నంతసేపూ వస్తే రింగులు. నల్లపొగైతే నూనె తప్పు కాదు, పెట్రోలు ఎక్కువవుతోందని. కొత్త రింగులు బోరుకు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా కొద్దిపాటి పొగకు కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాతా తగ్గకపోతే అప్పుడు విప్పించాలి.

ములుగు దాటి, ఘనపురం కోటగుళ్లు చూసి, చెల్పూరు థర్మల్‌ కేంద్రం పొగగొట్టాలు కనిపించేసరికి సాయంత్రమైంది. ‘పొగంటే అదీ... మనదేం పొగ!’ అని నవ్వారు మాస్టారు. నిజమే, జనగామలో వీధిని కమ్మేసిన పొగ ఇప్పుడు వెతికినా లేదు.

భూపాలపల్లిలో చప్పుడు వినగానే పెద్దాయన వాకిట్లోకి వచ్చేశారు. తళతళలాడే ట్యాంకు వైపు చూడనే లేదు. ఇంజిన్‌ ఆపించి, డిప్‌స్టిక్‌ తీసి, నూనె చుక్కను వేళ్ల మధ్య రుద్ది వెలుతుర్లో పట్టి చూశారు. లోహం తునకలు మెరిస్తే లోపల ఏదో అరుగుతున్నట్టు లెక్క. పనైన కొత్తలో నూనె తొందరగా మార్చి, పాతదాన్ని గుడ్డలో వడగట్టి చూడమనేది అందుకే. సన్నటి బూడిదరంగు పొడి మామూలే, రేకుల్లాంటి ముక్కలు ప్రమాదం.

‘నూనె మంచిగనే ఉంది బిడ్డా’ అన్నారాయన. మళ్లీ స్టార్ట్‌ చేయించి చెవి ఒగ్గి విన్నారు. ‘ట్యాపెట్‌ సప్పుడే జరంత ఎక్కువుంది. పొద్దుగాల పానాలు తీస్కరా, ఇద్దరం జూద్దాం!’