మొదటి రీలు లేని హత్య

వెనకటికి అద్దె పుస్తకాల షాపుల్లో ఒక మహానుభావుడు తిరుగుతూ ఉండేవాడు. ఆయన పేరు ఎవరికీ తెలీదు, ముఖం ఎవరూ చూడలేదు. డిటెక్టివ్ నవల అద్దెకు తీసుకుని, చదివేసి, తిరిగి ఇచ్చేముందు మొదటి పేజీలో పెన్సిల్‌తో "హంతకుడు ఫలానా" అని రాసిపెట్టేవాడు! కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఆఖరి పేజీ దాకా బుర్ర బద్దలుకొట్టుకుని పట్టుకునే దొంగని, ఈయన అర్ధణా పెన్సిల్ ముక్కతో ముందే పట్టించేసేవాడన్నమాట.

మా బాబాయి ఇప్పటికీ ఆయన్ని తిడుతూనే ఉంటాడు. "వాడే గనక నాకు దొరికితేనా..." అని పళ్లు నూరుతాడు.

పాఠకులారా! ఇన్నాళ్లకు ఒక నిజం ఒప్పుకుంటున్నాను. ఒకసారి ఆ మహానుభావుడి అవతారం నేనే ఎత్తాను. దెబ్బ తిన్నది కూడా ఎవరో కాదు, మా బాబాయే!

ఆయనకి గుంటూరులో వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. 1986లో తెరిచి, 2003లో మూసేశాడు. ఆ షాపులో రెండే రెండు రూల్సు. ఒకటి, రివైండు చెయ్యకుండా క్యాసెట్టు తిరిగిస్తే రూపాయి ఫైను. రెండు, సినిమా రెండు క్యాసెట్లలో ఉండి మొదటిది పాడైపోతే, రెండోది ఎంత బతిమాలినా అద్దెకిచ్చేవాడు కాదు. "మొదటి రీలు చూడనివాడు సినిమా చూసినట్టు కాదు" అనేవాడు. హాలుకెళ్లినా అంతే. మేం వెళ్లేసరికి టైటిల్స్ అయిపోయాయంటే పిన్ని మొత్తుకుంటున్నా వినకుండా అందర్నీ వెనక్కి తీసుకొచ్చేసేవాడు.

సరే, అసలు కథకొస్తాను.

2008లో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి సెలవులకొచ్చాడు. వస్తూ వస్తూ బాబాయికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఎవరో పాత సామాన్లు అమ్ముకుంటుంటే చవగ్గా కొన్నాడట. 'ట్విన్ పీక్స్' అనే టీవీ సీరియల్, మొదటి సీజను, 2001 డిసెంబరులో విడుదలైన డీవీడీల సెట్టు. లోపల 4 డిస్కులు. పెట్టె మీద పేర్లు చూసి "డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్... ఇద్దరా సృష్టికర్తలు? మన పరుచూరి బ్రదర్స్ లాగానా?" అన్నాడు బాబాయి.

ప్లేయర్లో వేశాం. ఆడలేదు! అమెరికా డీవీడీలది రీజియన్ 1, మనది రీజియన్ 5. అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడకుండా కంపెనీలు పెట్టుకున్న గోడ అది. చివరికి కంప్యూటర్లో ఆ నంబరు మార్చి ఆడించాం. అలా అయిదుసార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత చివరి నంబరు దగ్గరే బిగుసుకుపోతుంది. అందులో ఒక ఛాన్సు లారా పామర్ కోసం ఖర్చు పెట్టాం.

లారా పామర్ అంటే ఎవరనుకున్నారు? ఆ కథలో చచ్చిపోయిన పిల్ల. వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో, చుట్టూ అడవి, కలప మిల్లు ఉన్న ట్విన్ పీక్స్ అనే చిన్న ఊళ్లో అందరికీ ఇష్టమైన కాలేజీ ఈడు పిల్ల. ఆమె శవం ప్లాస్టిక్ కాగితంలో చుట్టి నీళ్ల ఒడ్డున దొరుకుతుంది. చంపిందెవరు? కనిపెట్టడానికి ఎఫ్‌బీఐ నుంచి డేల్ కూపర్ వస్తాడు. ఆ పాత్ర వేసింది కైల్ మెక్లాక్లన్.

మొదటి డిస్కు వేయగానే ఏం కనిపించిందో తెలుసా? ఆ కూపర్ హోటల్ గదిలో గబ్బిలంలాగా తలకిందులుగా వేలాడుతూ, టేపురికార్డరుతో మాట్లాడుతున్నాడు!

"ఇదేంట్రా? పిల్ల ఎప్పుడు చచ్చిపోయింది? ఈయన ఊళ్లోకి ఎప్పుడొచ్చాడు? మొదటి రీలేదీ?" అన్నాడు బాబాయి.

నిజంగానే మొదటి రీలు లేదు! మర్నాడు నెట్ సెంటర్‌కి వెళ్లి వెతికితే తెలిసింది. 1990 ఏప్రిల్ 8న ఏబీసీలో ప్రసారమై, 3 కోట్ల 40 లక్షల మందికి పైగా చూసిన గంటన్నర మొదటి భాగం హక్కులు వేరేచోట చిక్కుకుపోయాయి. అందుకని మొదటి సీజనులోని 8 భాగాల్లో మొదటిది వదిలేసి, మిగతా 7 మాత్రమే పెట్టెలో పెట్టి అమ్మారు. తాళి కట్టే ముహూర్తం అయిపోయాక పెళ్లి వీడియో మొదలుపెట్టినట్టు!

బాబాయి పెట్టె మూసేస్తాడనుకున్నాను. మూయలేదు. ఆ కూపర్ కాఫీ తాగే పద్ధతి ఆయనకి నచ్చింది. కాఫీ చుక్క నాలిక మీద పడగానే మొహం వెలిగిపోతుంది అతనికి. దాంతో రోజూ రాత్రి భోజనాలయ్యాక పిన్ని చేత రెండు కాఫీలు పెట్టించి, రోజుకొక భాగం. నాకొచ్చిన ఇంగ్లీషులో నేను పక్కన కూచుని చెబుతుండేవాణ్ణి. ఏడో రాత్రి ఆఖరి సీనులో కూపర్ గది తలుపు తీస్తాడు. ఎవరో తుపాకీతో కాల్చేస్తారు. అంతే, సీజను ఖతం!

"రెండో పెట్టె పంపరా!" అని బాబాయి అమెరికాకి ఫోను. "ఈసారి వచ్చేటప్పుడు తెస్తాలే బాబాయ్" అని జవాబు. ఏడాది పైగా బాబాయికి అదే ధ్యాస. ఆ డాక్టరా, ఆ లారీ డ్రైవరా, ఆ హోటలాయనా అని ఓ కాగితం మీద అనుమానితుల లిస్టు రాసి షర్టు జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

నాకంత ఓపిక ఎక్కడిది? నెట్‌లో హంతకుడి పేరు చదివేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. 2009లో ఒక పత్రిక ఆదివారం పేజీకి ఆ సీరియల్ గురించి వ్యాసం రాశాను. నా జీవితంలో మొదటి అచ్చు, మొదటి సంపాదన 250 రూపాయలు. పెద్ద పండితుణ్ణని చూపించుకోవాలిగా? నాలుగో పేరాలో హంతకుడి పేరు రాసేశాను!

ఆదివారం పొద్దున్నే పేపరు పట్టుకుని గర్వంగా బాబాయింటికి వెళ్లాను. అప్పటికే ఆయన చదివేశాడు. తిట్టలేదు. జేబులోంచి లిస్టు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "బాగా రాశావురా" అన్నాడు. అంతే. ఆ మాట కంటే చెంపమీద కొట్టినా బాగుండేది. నెల రోజులు వాళ్లింటికి వెళ్లలేకపోయాను.

ఇక్కడో చిత్రం చెప్పాలి. నేను చేసిన పని అంతకు పంతొమ్మిదేళ్ల ముందే ఏబీసీ వాళ్లూ చేశారు. హంతకుడెవరో ఇప్పట్లో చెప్పకూడదని లించ్ ఉద్దేశం. "చెప్పి తీరాలి" అని ఛానెలు వాళ్లు పట్టుబట్టారు. 1990 నవంబరు 10న చెప్పేశారు. ఆ తర్వాత చూసేవాళ్లు తగ్గిపోయి, 1991 జూన్ 10తో సీరియల్ ఆగిపోయింది. బంగారు గుడ్లు పెట్టే బాతుని కోసేశారని లించ్ తర్వాత ఎన్నోసార్లు వాపోయాడు.

2009 డిసెంబరులో అన్నయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి తెచ్చింది బంగారు రంగు పెట్టె. 2007 అక్టోబరులో విడుదలైన ఆ సెట్టులో రెండు సీజన్లతోపాటు ఆ పోయిన మొదటి భాగం కూడా ఉంది! నాకు అడిగే మొహం లేదు. రాత్రి బాబాయే ఫోను చేశాడు. "ఏరా, మొదటి రీలు దొరికింది. రా, పిన్ని కాఫీ పెడుతోంది."

చూశాం. శవం దొరుకుతుంది. తల్లి కూతురు కనిపించడం లేదని ఫోన్లు చేస్తూ ఉంటుంది. అవతల మాట ఆగిపోతే, ఎవరూ చెప్పకుండానే ఆమెకి అర్థమైపోతుంది. ఆ అరుపు ఫోను తీగలోంచి వినిపిస్తుంది. క్లాసులో ఓ కుర్చీ ఖాళీగా ఉంటుంది. కిటికీ బయట ఓ పిల్ల కేకలు పెడుతూ పరిగెడుతుంది. ప్రిన్సిపాలు మైకులో వార్త చెప్పబోయి ఏడ్చేస్తాడు. శవం ఫొటో తీయాల్సిన పోలీసు కుర్రాడు కూడా ఏడుస్తాడు. డిటెక్టివ్ కథలో ఇంత ఏడుపు నేనెక్కడా చూడలేదు. అయ్యేసరికి పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు!

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒరేయ్, ఆ ఏడు రాత్రులూ ఎవరు చంపారా అని చూశాం. చచ్చిపోయింది ఎవరో చూడలేదురా."

ఆ మాటతో నా బుర్ర తిరిగిపోయింది. మొదటి రీలు లేని కథలో లారా ఒక ఫొటో, ఒక చిక్కుముడి. మొదటి రీలు చూశాక ఒక ఇంటి పిల్ల. పెట్టెలోంచి ఒక్క భాగం తీసేస్తే పోయింది ఆ గంటన్నర మాత్రమే కాదు, కథకున్న గుండె.

ఇంకో వింత వినండి. ఈ భాగం తీసేటప్పుడు ఫ్రాంక్ సిల్వా అనే అతను సెట్టులో సామాన్లు సర్దే పనివాడు. లారా గదిలో బీరువా జరుపుతుంటే లించ్ కంట్లో పడ్డాడు. ఎందుకో తెలియకుండానే మంచం దగ్గర నక్కి కూచోబెట్టి ఒక షాట్ తీశాడు. తర్వాత తల్లి ఉలిక్కిపడి లేచే షాట్ తీస్తే, గోడమీది అద్దంలో అతని ముఖం పొరపాటున పడింది. షాటు పాడైందని కెమెరామన్ అంటే, లించ్ ఎగిరి గంతేశాడు! సామాన్లు సర్దేవాడు బాబ్ అనే పాత్రధారి అయిపోయాడు. ఆ బాబ్ ఎవరో, ఏమిటో చెప్పను. ఒకసారి చెప్పి అనుభవించాను చాలు.

మిగతా భాగాలు కూడా బాబాయి అన్నీ చూశాడు, పేరు తెలిసే చూశాడు. హంతకుణ్ణి బయటపెట్టే భాగం రాత్రి గట్టిగా ఊపిరి తీసుకుని, "పేరు తెలిసినా భయమేసిందిరా. అయినా నువ్వు చేసింది మాత్రం తప్పే సుమా!" అన్నాడు. నేను తలూపాను. నెత్తిమీంచి బరువు దిగినట్టయింది.

2017లో, పాతికేళ్లు దాటాక, 18 భాగాలతో ఆ సీరియల్ మళ్లీ వచ్చింది. 2025 జనవరిలో డేవిడ్ లించ్ కన్నుమూశాడు. ఆ వార్త నాకు ముందు చెప్పింది బాబాయే. "ఆయన మీద ఏదైనా రాయరా. కానీ..." అని ఆగాడు.

"తెలుసు బాబాయ్" అన్నాను.

అందుకే ఇంత రాసినా ఆ పేరు ఇందులో లేదు. మీరు చూడదలుచుకుంటే మొదటి భాగం నుంచే మొదలుపెట్టండి. పక్కన కాఫీ ఉంచుకోండి. మధ్యలో ఎవరైనా వచ్చి "హంతకుడు ఎవరో చెప్పనా?" అంటే, వాడి చేతిలో పెన్సిల్ ముక్క ఉందేమో చూసి లాక్కోండి!