ఇరవై ఎనిమిది రోజులు

మొన్నొక ఆదివారం పనేమీ లేక నెట్లో తిరుగుతుంటే 2021లో వచ్చిన ఓ పరిశోధన కంటబడింది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు మనిషి మూలకణాలను ఓ చిప్ మీద పెంచారు (మన కంప్యూటర్ చిప్ కాదు లెండి). పలచటి పొరలా ఉన్న ఆ కణాలు వాటంతటవే అంచులు లేపి, మడతపడి, గొట్టంలా మూసుకున్నాయి. దాన్నే న్యూరల్ ట్యూబ్ అంటారు. మన మెదడూ, వెన్నుపామూ తయారయ్యేది దాన్నుంచే. అసలు పిండంలో ఈ తంతు చూడటం కష్టం. ల్యాబులో మానవ పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదని చాలా దేశాల్లో కట్టుబాటు ఉంది. మడత మొదలయ్యేదేమో ఆ తర్వాత!

ఆ బొమ్మలు చూస్తుంటే మా అక్క గుర్తొచ్చింది.

మాది శిరివెళ్ల. నేను ఇంజనీరింగ్ ఫైనలియర్లో ఉండగా అక్కకి మొదటి కాన్పు. ఐదో నెలలో నంద్యాల తీసుకెళ్ళి స్కానింగ్ తీయిస్తే, బిడ్డ తల పైభాగం ఏర్పడలేదన్నారు. బతకదన్నారు. ఆ తర్వాతి సంగతి రాయలేను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. "గ్రహణం నాడు బయట తిరిగిందేమో" అంది జేజి. బండెక్కి తిరగబట్టే అన్నారు అత్తగారి వైపు వాళ్ళు. అక్క నెలల తరబడి అదే లెక్క. "ఆ రోజు కూరగాయలు తరిగినానేమో రా..." అని నన్నడిగేది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడుంది. ఆ గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పాక రెండు వారాలు. మన ఇళ్ళలో మూడో నెల దాకా కబురే బయటికి చెప్పం కదా! డిజైన్ దశలో పడ్డ బగ్గు ఐదో నెల టెస్టింగులో బయటపడింది. తిట్లు మాత్రం అక్కకి.

కణాలు వేగంగా విడిపోయేటప్పుడు డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. ఇలాంటి కాన్పు ఒకసారి అయిన 1,800 మందికి పైగా ఆడవాళ్ళతో ఏడు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఈ లోపం 72 శాతం తగ్గింది. అన్నిటినీ ఆపదు, కానీ చాలావాటిని ఆపుతుంది.

ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరూ స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకి పనికొచ్చిన మందు ఇదే. ఆయన 1948లో పోయారు. పుట్టబోయే బిడ్డల వెన్నుని కూడా ఇది కాపాడుతుందని ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

మందు మనవాడిది, దిగులు మన ఇంట్లో! ఎందుకంటే మాత్ర చేతికొచ్చేది ఎక్కువగా గర్భం అని తేలాకే. అందుకే ఉప్పులోనే కలిపితే పోలా అని కొందరు ఆలోచించారు. దక్షిణాది పల్లెలు నాలుగింట్లో అలాంటి ఉప్పు వాడిస్తే, నాలుగు నెలల్లో ఆడవాళ్ళ రక్తంలో ఫోలేట్ మూడు రెట్లు దాటిందని 2024లో ప్రచురించారు. అయోడిన్ ఉప్పు రాలేదా, ఇదీ రావాలి. అందాకా, పెళ్ళైన మిత్రులారా, ముందుగానే డాక్టర్ని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు రోజుకి 400 మైక్రోగ్రాములు. ఇంట్లో ఇలాంటిది ముందే జరిగుంటే ఎక్కువ కావాలి, అది డాక్టరే చెప్పాలి.

అక్క రెండోసారి అలాగే ముందునుంచీ వేసుకుంది. కోడలు పిల్లకి ఇప్పుడు మూడేళ్ళు.

పోయిన పండక్కి మేమిద్దరం ఊరెళ్ళాం. మా ఆవిడ మాత్రల డబ్బా చూసి అమ్మ, "ఇంకా ఏమీ కాకముందే మాత్రలేందబ్బీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే అక్క అంది, "ముందే మింగాలమ్మా. నాకెవరూ చెప్పలా."

జేజి ఏమీ అనలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి మా ఆవిడ చేతికిచ్చింది.