కర్నాల్‌లో రాత్రి చలి

నవంబర్ 1
వాతావరణ శాఖ నెల అంచనా చదివాను. ఇక్కడి మైదానాల్లో వాన పెద్దగా ఉండదు, పగళ్లు మామూలే, రాత్రి ఉష్ణోగ్రత మాత్రం సాధారణం కన్నా కాస్త ఎక్కువుండొచ్చట. సాధారణమంటే 1991 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ల సగటు. రజాయిలు ఇంకో వారం ఆగి దించుకోవచ్చని పట్నంలో అనుకుంటారు. గోధుమ రైతుకు అది మంచి కబురు కాదు. లేత దశలో రాత్రులు వెచ్చబడితే గోధుమ పిలకలు సరిగ్గా పెట్టదు, తొందరపడి వెన్ను తీస్తుంది.

నవంబర్ 3
పక్క చేను తావూది. ఇక్కడ పెదనాన్న వరసవాళ్లను తావూ అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. నిన్న కోత మిషను వచ్చి వెళ్లింది. మోకాలి కింది దాకా వరి కొయ్యలు, వాటి మధ్య మిషను ఊదిపోసిన గడ్డి. దీన్నే పరాలీ అంటారు.

2009 నాటి హర్యానా చట్టం ప్రకారం జూన్ 15కు ముందు వరి నాటకూడదు. భూగర్భ జలం కోసం పెట్టిన చట్టం, అవసరమైనదే. కానీ నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. నవంబర్ 25 దాటి గోధుమ వేస్తే దిగుబడి పడిపోతుంది. ఆ కొద్ది రోజుల్లోనే చేను ఖాళీ కావాలి. అందుకని పరాలీకి నిప్పు పెట్టిన ప్రతివాణ్నీ దుర్మార్గుడనడం నాకు చేతకాదు.

నవంబర్ 6
హ్యాపీ సీడర్ వంతు ఇవాళ తావూకి వచ్చింది. కొయ్యల్ని కాల్చకుండా, వాటి మధ్యనే గీత కోసుకుంటూ విత్తనం వేసుకుపోతుంది. వెనకాల నడిచి ఒకచోట గడ్డి పక్కకు తీసి వేలు పెట్టి చూశాను. రెండు కణుపుల లోతులో గింజ. మన్ను చల్లగా, తడిగా ఉంది. పైన కప్పిన గడ్డే ఆ తడిని కాపాడుతోంది.

నవంబర్ 8
గుత్తి నుంచి నాన్న ఫోన్. "ఆడ చలి మొదలాయనా మా?" శనగ వేసి పది రోజులైందట. మా నల్లరేగడిలో శనగకు నీళ్లు పెట్టేదేముంది, నేలలో మిగిలిన పదునూ, రాత్రి పడే మంచూ అంతే. "ఈడ మోడం ఇడిస్తే గదా మంచు పడేది," అన్నాడు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. ఇంత దూరంలో ఉండి ఇద్దరం ఎదురుచూసేది ఒక్కదానికే, తేట రాత్రికి.

నవంబర్ 10
ఉదయం ఏడైనా సూర్యుడు రాగిబిళ్లలా ఉన్నాడు, కళ్లు మంట. గాలి లేదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, నేలనంటిన గాలీ చల్లబడుతుంది. దానిమీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కింది పొగ కిందే. గోధుమకు కావలసిన తేట రాత్రే, గాలి ఆడకపోతే మాకు ఊపిరాడనివ్వదు. ఎదురింటి పిల్లవాడు రాత్రంతా దగ్గాడు. చలి రావాలని కోరుకున్నదాన్ని, ఆ దగ్గు వింటూ నిద్రపోలేకపోయాను.

నవంబర్ 14
రెండు రోజులుగా మబ్బు, తూర్పు గాలి. తావూ దీన్ని పుర్వాయి అంటాడు. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమీ విక్షోభ్, అంటే పడమటి అలజడి, హిమాలయాలను దాటుతోంది. ఇక్కడ నాలుగు చినుకులు కూడా రాలలేదు.

నవంబర్ 16
మబ్బు విడిపోయింది. వాయవ్యం నుంచి గాలి తిరిగింది. పొగను తోసుకుపోయింది, కొండల మీది చలిని దింపింది. తెల్లవారుజామున 10 డిగ్రీలు. ఇంకా గులాబీ చలే, స్వెటర్‌తో సరిపోయేది. "ఇప్పుడు పిలకలు వేస్తుంది బేటా," అన్నాడు తావూ, తన చలి సంగతి వదిలేసి.

నవంబర్ 21
మొదటి పొగమంచు. చూపు 200 మీటర్లు అందకపోతే దట్టమైనదని, 50 కూడా అందకపోతే అతి దట్టమైనదని లెక్క. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడితే లారీ కనబడక ముందే చప్పుడు మీదికి వచ్చింది. ఇదే రోడ్డు హైదరాబాద్, కర్నూలు దాటి గుత్తి పక్క నుంచే పోతుంది. దక్షిణం వైపు వెళ్లే ప్రతి లారీకీ వెనక దీపం వెలుగుతోందా అని చూస్తూ నిలబడ్డాను. రెండింటికి లేవు.

నవంబర్ 23
2022 మార్చి గుర్తొచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అప్పటిదాకా దేశంలో పగళ్లు అంత వేడెక్కిన మార్చి లేదు. పాలు పోసుకునే వేళ గింజ ముడుచుకుపోయింది. మే 13న గోధుమ ఎగుమతులు ఆపేశారు. వెన్ను తొందరపడకూడదు, ఆలస్యమై ఆ వేడికీ చిక్కకూడదు. ఆ రెంటి మధ్య పైరును నడిపించేది ఈ రాత్రులే.

నవంబర్ 27
8 డిగ్రీలు. మోటారు చప్పుడుకు మెలకువ వచ్చింది. విత్తి ఇరవై ఒక్క రోజులు, కిరీటపు వేళ్లు దిగే వేళ. తావూ కంబళి కప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు, మొదటి తడి పారుతోంది. నాన్నకు ఫోన్ చేశాను. ఆడా మోడం ఇడిసిందట.